ఈశాన్యంలో రెండో జాబితా

మా కాలేజీలో సంజాయిషీ లేఖకు ఒక అచ్చు ఉంది. పైన "గౌరవనీయులైన" అని మొదలుపెట్టాలి, కింద "దయతో మన్నించగలరని ప్రార్థన" అని ముగించాలి. మధ్యలో ఏం రాసినా ఎవరూ పెద్దగా చదవరు. ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిన ఇన్నేళ్ళలో నేను అలాంటివి నాలుగైదు రాసి ఉంటాను. బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చినందుకు ఒకటి, ప్రొజెక్టర్ రిమోట్ పోయినందుకు ఒకటి. రిమోట్ తర్వాత ప్రిన్సిపాల్ గారి సొరుగులోనే దొరికింది, అది వేరే సంగతి. ఒకే ఒక్కసారి మాత్రం ఆ చివరి వాక్యం రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

కాలేజీ కంకిపాడు దాటాక, బందరు రోడ్డు నుంచి కాస్త లోపలికి, వరిచేల మధ్యలో ఉంటుంది. నేను పటమటలో బస్సెక్కుతాను. మా ల్యాబ్‌లో కాలం చెల్లిన సిస్టమ్‌లు ఏడు ఒక మూల పడి ఉండేవి. కొత్తవి వచ్చాక వాటిని పాత సామాన్లవాళ్ళకి తోలేద్దామనుకున్నారు. వద్దని అడ్డుపడింది మా డిపార్ట్‌మెంటులో పాఠాలు చెప్పే ఒక మేడమ్. నాకంటే పదేళ్ళు చిన్నది. కాలేజీలో నన్ను అక్కా అని పిలిచే లెక్చరర్ ఆవిడొక్కతే.

మేడమ్ పీహెచ్‌డీ చేస్తోంది. వరి ఆకు ఫొటో చూసి అది ఏ తెగులో కంప్యూటరే చెప్పేలా చేయాలన్నది ఆవిడ పట్టుదల. దానికోసం ఐదు పంటలపాటు కంకిపాడు నుంచి ఉయ్యూరు దాకా, అటు హనుమాన్ జంక్షన్ వైపు దాకా గట్లమ్మట తిరిగి ఆకుల ఫొటోలు తీసింది. అగ్గితెగులు, పాముపొడ, ఎండాకు తెగులు, గోధుమరంగు ఆకుమచ్చ తెగులు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో క్లాసుకి వచ్చిన రోజులున్నాయి. ఆ ఫొటోలన్నీ పెట్టుకున్న ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకరోజు మెట్ల మీద చేయిజారి పడి, ఇంక లేవలేదు. అదృష్టం కొద్దీ అంతకు వారం ముందే అవన్నీ మా ఏడు సిస్టమ్‌ల్లోకి ఎక్కించి ఉన్నాం. ఆ రోజు నుంచి లోకం మొత్తం మీద ఆ ఫొటోలు ఉన్నది మా ల్యాబ్‌లోనే. కోసేసిన పంట ఆకుని మళ్ళీ ఫొటో తీయలేం కదా. అవి పోతే ఆవిడ ఐదు పంటల తిరుగుడూ పోయినట్టే, పీహెచ్‌డీ సంగతి మర్చిపోవడమే.

ఏడు పాత సిస్టమ్‌లను కలిపి ఒక్కటిగా పనిచేయించడం నా పని. ఈ సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. అన్నిటినీ ఒక నెట్‌వర్క్‌తో కలుపుతాం. ప్రతి ఫైలునూ ముక్కలు చేస్తాం. ప్రతి ముక్కకీ మూడు కాపీలు తీసి, మూడు వేర్వేరు సిస్టమ్‌ల్లో పెడతాం, ఒకటి చెడినా రెండు మిగలాలని. ఏ సిస్టమ్‌లో, ఏ డిస్కులో, ఏ డైరెక్టరీలో పెట్టాలో ఒక్కో సిస్టమ్‌లో ఒక చిన్న ఫైలులో రాసుకుంటాం. డైరెక్టరీ అంటే పెద్ద విషయమేం కాదు, డిస్కులో ఒక అర. ఇవన్నీ కాక ఏ ఫొటో ఏ ముక్కలుగా ఎక్కడుందో చెప్పే జాబితా ఒకటి, ఏడింటిలో పెద్దరికమిచ్చిన సిస్టమ్‌లో, అంటే పెద్ద సిస్టమ్‌లో ఉంటుంది. ఆ జాబితా పోతే ముక్కలన్నీ భద్రంగా ఉన్నా దండగే. చీటీలు ఊడిపోయిన మందు సీసాల్లా మిగులుతాయి.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిందని చెప్పను. మొదట్లో నేనూ ఒక తప్పు చేశాను. ఒక సిస్టమ్‌లో రాసిన ఫైలునే మిగతా ఆరింటికీ కాపీ కొట్టాను. అన్నీ ఒకేలా ఉంటాయనుకున్నాను. నాలుగో నంబరు సిస్టమ్‌లో రెండో డిస్కు తీగ వదులుగా ఉండేది. కరెంటు పోయి వచ్చిన ఒక మధ్యాహ్నం ఆ డిస్కు తిరిగి లేవలేదు. కానీ దాని పేరుతో పెట్టిన డైరెక్టరీ మాత్రం ఖాళీగా అక్కడే ఉంది. ఫొటోలు పెద్ద డిస్కులోకి వెళ్తున్నాయనుకుంటుంటే, అవి ఆ ఖాళీ అరలోకి, అంటే సిస్టమ్ సొంత చిన్న డిస్కులోకి పడుతూ వచ్చాయి. రెండు రోజుల్లో అది నిండిపోయి, సిస్టమ్ నోరు మూసుకుంది. మిగతా రెండేసి కాపీలు వేరేచోట ఉన్నాయి కాబట్టి ఏమీ పోలేదు. గవర్నర్‌పేటలో తీగ కొనుక్కొచ్చి మార్చాను. డిస్కు లేనప్పుడు దాని ఖాళీ డైరెక్టరీలోకి ఎవరూ ఏమీ రాయకుండా ఏడింటికీ తాళం పెట్టాను. ఏ సిస్టమ్‌లో ఏ డిస్కు ఉందో కళ్ళతో చూసి, ఏడు ఫైళ్ళూ విడివిడిగా రాశాను.

ఆ అలవాటు మా నాన్నది కావచ్చు. ఆయన కాలవ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కరు. కాలవలో నీటిమట్టం పూటపూటా రాసే పుస్తకం ఆఫీసుది ఒకటుండేది. అదే లెక్క ఇంకో నోటుబుక్కులో రాసి ఇంట్లో ట్రంకుపెట్టెలో పెట్టేవాడు. ఒక వేసవిలో చివరి పొలాలకు నీళ్ళు వదల్లేదని ఆయన మీద మాటొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆఫీసు పుస్తకం కనబడకుండా పోయింది. మా నాన్న నేరుగా ఇంటికొచ్చి, ట్రంకుపెట్టె తెరిచి, నోటుబుక్కు తీసుకెళ్ళి ఆఫీసులో చూపించాడు. అప్పుడు నేను ఏడో తరగతి. రెండో పుస్తకం ఎక్కడుందన్నదే అసలు సంగతని ఆ రోజే తెలిసింది.

ఇక వాస్తు దగ్గరికి వద్దాం. మా కాలేజీ సెక్రటరీ గారికి వాస్తు మీద గట్టి నమ్మకం. అందులో నాకు తప్పేమీ కనబడదు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళమైనా మా ఇంట్లో పొయ్యి ఆగ్నేయంలోనే ఉంది. మా సంఘంలో సగం ఇళ్ళు వాస్తు చూసి కట్టినవే. ఎవరి ఇల్లు వాళ్ళిష్టం. గొడవ ఎక్కడొచ్చిందంటే, ఏడు సిస్టమ్‌లు కలిసి పనిచేస్తున్నాయని విని సెక్రటరీ గారు చూడ్డానికి వచ్చారు, వెంట సిద్ధాంతి గారిని తీసుకొచ్చారు. ఆయన ల్యాబంతా కలియతిరిగి, పెద్ద సిస్టమ్ ఉత్తరం గోడకు ఉండకూడదన్నారు. నైరుతి మూలకు మార్చమన్నారు. సరే, మార్చాను. బల్ల జరిపాను, తీగలు పొడిగించాను. దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు దానికి మిగతావాటికంటే పెద్ద బొట్టు పెట్టారు. దానికీ నాకు అభ్యంతరం లేదు.

పూజ అయ్యాక సెక్రటరీ గారు నన్ను పిలిచి కూర్చోమన్నారు. ఆయన ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడరు, ఆ గుణం ఒప్పుకోవాలి.

"చూడమ్మా, నైరుతిలో బరువుండాలి, ఈశాన్యం ఖాళీగా ఉండాలి. డేటా అంతా నైరుతి సిస్టమ్‌లోనే పెట్టించండి. ఆ ఈశాన్యం సిస్టమ్‌లో మాత్రం ఏమీ ఉంచకండి."

"డేటాకి బరువేముంటుందండీ?"

"బరువంటే కిలోలేనామ్మా? విలువ. మీ ఇంట్లో బీరువా ఎక్కడ పెట్టుకున్నారు?"

"పట్టిన చోట పెట్టామండీ."

ఆయన నవ్వారు. నవ్వి, చెప్పింది చెప్పినట్టే చేయమన్నారు. మూడు కాపీలు మూడు సిస్టమ్‌ల్లో ఉండాలని నేను చెప్పబోతే, "మూడూ అక్కడే, మూడు డైరెక్టరీల్లో పెట్టండి. మూడు ఉన్నట్టేగా" అన్నారు. ఒకే ఇంట్లో మూడు గదుల్లో పెట్టిన బంగారం, ఇల్లు తగలబడితే మూడు చోట్లా ఉన్నట్టేనా అని నోటిదాకా వచ్చింది. పండగపూట తగలబడటం గురించి ఎందుకని ఆగాను. ఆగినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

హెచ్‌ఓడీ గారికి చెప్పాను. ఆయన మంచివారే, కాకపోతే ఎవరికీ ఎదురు చెప్పరు. "ఎందుకొచ్చిన గొడవండీ, ఆయన చెప్పినట్టు పెట్టేయండి. మీ పని తీగలు చూసుకోవడం" అన్నారు.

"పెట్టనండీ. మేడమ్ ఫొటోలు ఇంకెక్కడా లేవు" అన్నాను.

"మీరు పెట్టకపోతే ఇంకొకళ్ళతో పెట్టిస్తారు."

"పెట్టించుకోమనండి. నా చేత్తో మాత్రం పెట్టను."

ఆయన కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, ముందున్న ఫైలు తెరిచారు. నేను ల్యాబ్‌లోకి వచ్చి ఏడు ఫైళ్ళూ మరోసారి చూశాను. పెద్ద సిస్టమ్ నైరుతిలోనే ఉంది, అది వాళ్ళ కోరిక. ఫొటోల ముక్కలు ఏడింటిలోనూ ఉన్నాయి, అది నా నిర్ణయం. అక్కడితో ఆగలేదు. అప్పటిదాకా జాబితా పెద్ద సిస్టమ్‌లో ఒక్కచోటే రాసుకుంటోంది. దానికి రెండో డైరెక్టరీ కూడా చూపించవచ్చు, అప్పుడు ప్రతి మార్పునూ రెండు చోట్లా రాస్తుంది. ఆ రెండోది నెట్‌వర్క్ మీద ఇంకో సిస్టమ్‌లో ఉండాలి. ఏ సిస్టమ్‌లో అని ఆలోచించాల్సిన పనే లేకపోయింది. నైరుతికి అన్నిటికంటే దూరంగా ఉన్న మూల ఏదో గది చూస్తేనే తెలుస్తుంది. ఖాళీగా ఉంచమన్న ఈశాన్యం సిస్టమ్‌లోనే పెట్టాను.

దొంగచాటుగా చేయలేదు. ల్యాబ్ రిజిస్టర్‌లో పెన్నుతో రాశాను. ఏ సిస్టమ్‌లో ఏ డైరెక్టరీ, జాబితా రెండో కాపీ ఎక్కడ, ఎందుకు, అన్నీ రాసి కింద సంతకం పెట్టాను. ఆ రిజిస్టర్ ప్రతి శుక్రవారం హెచ్‌ఓడీ గారి బల్ల మీదికి వెళ్తుంది. ఆయన పేజీ తిప్పకుండానే పొట్టి సంతకం గీకేస్తారు. ఆ శుక్రవారం కూడా గీకారు.

తర్వాత ఐదారు నెలలు ఏమీ జరగలేదు. మేడమ్ సిస్టమ్‌ల చేత ఆకులు గుర్తుపట్టిస్తూ కూర్చునేది. అగ్గితెగులును పాముపొడ అంటే తిట్టేది, కరెక్టుగా చెబితే నాకు టీ తెప్పించేది. థీసిస్ ఇచ్చే గడువు దగ్గర పడింది.

రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చి రెండు రోజులు సెలవు. సోమవారం పొద్దున నేను తాళం తీసేసరికి కాళ్ళ కింద నీళ్ళు. నైరుతి మూల స్లాబు చెమ్మెక్కి, గోడమ్మట నీళ్ళు కారి, సరిగ్గా పెద్ద సిస్టమ్ మీద పడుతున్నాయి. ముందు మెయిన్ ఆపాను. తర్వాత డాబా ఎక్కి చూశాను. ట్యాంకు పొంగి పొర్లి, తూము దగ్గర ఆకులు అడ్డుపడి, డాబా మీద నీళ్ళు మడి కట్టినట్టు నిలిచి ఉన్నాయి. మోటారు వేసి ఆపడం మర్చిపోయారట. ట్యాంకు డాబా మీద ఏ మూలన ఉందో చెప్పక్కర్లేదు. నీళ్ళ ట్యాంకు బరువు కాబట్టి నైరుతిలోనే కట్టాలి. దాన్నీ సిద్ధాంతి గారే పెట్టించారు. ఆయన లెక్కలో తప్పు లేదు, బరువులన్నీ ఒకే మూలకి చేరాయి, అంతే.

పెద్ద సిస్టమ్ మూత తీస్తే లోపల చెంబుడు నీళ్ళున్నాయి. డిస్కులు రెండూ పోయాయి. మేడమ్ వచ్చేసరికి నేను కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాను. ఆవిడ నా మొహం చూసి, ఆ సిస్టమ్ చూసి, పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

"పోయాయా అక్కా?"

"ఇంకా తెలీదు మేడమ్. కాసేపు నాతో మాట్లాడకండి."

అబద్ధం ఎందుకు, రెండో జాబితా రాస్తోందని నమ్మడమే తప్ప, దాంతో అన్నీ మళ్ళీ నిలబెట్టాల్సిన అవసరం అప్పటిదాకా రాలేదు. తడి లేని వైపు నుంచి కరెంటు తీసుకున్నాను. ఈశాన్యం సిస్టమ్ వేసి, ఆ డైరెక్టరీ తెరిచాను. జాబితా ఉంది. శుక్రవారం సాయంత్రం వరకూ జరిగిన చివరి మార్పు కూడా అందులో ఉంది. రెండో నంబరు సిస్టమ్‌ని పెద్దదిగా చేసి, దానికి ఆ జాబితా చూపించాను. మిగిలిన వాటి ఫైళ్ళన్నిటిలో పెద్ద సిస్టమ్ పేరు మార్చాను. ఒక్కొక్కదాన్నే లేపాను. లేచిన ప్రతి సిస్టమ్ తన డైరెక్టరీల్లో ఏయే ముక్కలున్నాయో చెప్పుకుంటుంది. ఆ లెక్క కొంచెం కొంచెంగా పెరుగుతుంటే మేడమ్ నా వెనక నిలబడి చూస్తోంది. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టారు, ఇద్దరం కదల్లేదు.

చివరికి తెర మీద రెండు లైన్లు వచ్చాయి. కాపీలు తగ్గిన ముక్కలు చాలా ఉన్నాయి, అది మామూలే, ఒక సిస్టమ్ పోయింది కదా, వాటంతటవే తిరిగి కాపీలు అవుతాయి. దొరకని ముక్కలు సున్నా. మేడమ్ ఒక ఫొటో తెరవమంది. మొదటి పంటలో తీసిన ఎండాకు తెగులు ఆకు, అంచు పసుపు తిరిగినది, పక్కన ఆవిడ బొటనవేలు. ఆ వేలు చూసి ఆవిడ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, కానీ నాకు అప్పటికే ఆకలి కూడా వేస్తోంది.

కథ అక్కడ అయిపోవాలి. మా కాలేజీలో అవదు. బుధవారం సిద్ధాంతి గారు మళ్ళీ వచ్చారు. నైరుతిలో నీళ్ళెందుకు కారాయని సెక్రటరీ గారు అడిగితే, ఈశాన్యం ఖాళీగా ఉందా అని ఆయన అడిగారు. లేదని తేలింది. ఈశాన్యంలో బరువు పెట్టారు కాబట్టే నైరుతి దెబ్బతిందని తేల్చేశారు. గురువారానికి నాకు మెమో వచ్చింది. చెప్పిన దానికి విరుద్ధంగా, ఎవరి అనుమతీ లేకుండా, ఈశాన్యం సిస్టమ్‌లో డేటా పెట్టినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో తెలియజేయాలి. ఫొటోలు బతికాయన్న ముక్క అందులో ఎక్కడా లేదు.

మెమో కంటే ముందు హెచ్‌ఓడీ గారు వచ్చారు. రిజిస్టర్‌లో తన సంతకం ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. గొంతు తగ్గించి, "ఆ పేజీ తీసేయండి. అది లేకపోతే నేను ఎలాగోలా సర్దిచెబుతాను" అన్నారు.

"రిజిస్టర్‌లో పేజీ చించనండీ."

"నా ఉద్యోగం సంగతి కూడా చూడండి."

"మీ పేరు నేను ఎత్తను, మాటిస్తున్నా. పేజీ మాత్రం చించను. అందులో ఉన్నది నిజం."

ఆయన వెళ్ళిపోయారు. ఆ రోజు ఆయన మీద జాలి వేసింది, కోపం కూడా వేసింది, రెండూ సమానంగానే.

లేఖ ల్యాబ్‌లోనే కూర్చుని రాశాను. మేడమ్ తన పేరు కూడా రాయమంది, తనే పెట్టమని అడిగినట్టు. వద్దన్నాను. ఆవిడ అడగలేదు, నేను పెట్టాను. "గౌరవనీయులైన సెక్రటరీ గారికి. ఈశాన్యం సిస్టమ్‌లో జాబితా రెండో కాపీ పెట్టింది నేనే. అనుమతి ఎవరూ ఇవ్వలేదు. అది అక్కడ ఉండబట్టే ఫొటోలు మిగిలాయి. కొత్త సిస్టమ్ వచ్చినా అలాగే పెడతాను." కింద సంతకం. మన్నించమన్న వాక్యం కోసం చోటు మిగిలింది. దాన్ని అలాగే వదిలేశాను.

నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. సెక్రటరీ గారు నన్ను నిలబెట్టే చదివారు. వెనక్కి తిప్పి చూశారు, అటువైపు ఏమైనా ఉందేమోనని.

"మన్నించమని లేదేంటమ్మా?"

"తప్పు చేస్తే రాసేదాన్నండీ."

"ఇప్పుడు ఆ సిస్టమ్ ఖాళీ చేయమంటే చేయరా?"

"చేస్తానండీ. ముందు మేడమ్‌ని పిలిపించి, మీ ఐదు పంటల ఫొటోలు మళ్ళీ ఒక్కచోటే పెట్టమంటున్నానని మీ నోటితో చెప్పండి. ఆవిడ సరేనంటే ఇప్పుడే తీసేస్తాను."

ఆయన బల్ల మీద బెల్లుంది, చేయి దాని దాకా వెళ్ళింది. కొట్టలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఫైల్లో కాకుండా జేబులో పెట్టుకున్నారు. "డాబా తూము శుభ్రం చేయించమని చెప్పండి" అన్నారు.

నెలకి కొత్త సిస్టమ్ వచ్చింది. ఆయన కోరినట్టే నైరుతి మూలన పెట్టాను, బొట్టు పెట్టనిచ్చాను. రెండో జాబితా ఎక్కడ పెట్టానని ఆయన అడగలేదు. అడగకపోయినా రిజిస్టర్‌లో రాసి, సంతకం పెట్టి, శుక్రవారం హెచ్‌ఓడీ గారి బల్ల మీదికి పంపాను. ఈసారి ఆయన ఆ పేజీ మొత్తం చదివారు. చదివి, పూర్తి పేరుతో సంతకం పెట్టారు.